ఎత్తు మార్చుకునే బల్లలు, కంప్యూటర్ పనిచోటు పరికరాలు

కూర్చున్నప్పుడు ఒక ఎత్తులో, నిలబడ్డప్పుడు మరో ఎత్తులో నిలిచే బల్లలు, వాటికి జోడుగా వచ్చే కుర్చీలు, కీబోర్డు అరలు, మానిటర్‌ను గాల్లో పట్టి ఉంచే స్టాండ్లు, రెండుగా చీల్చిన కీబోర్డులు, నిలువు మౌసులు, పాదాల కింది పీటలు: కంప్యూటర్ ముందు గంటల తరబడి గడిపే మనిషి తన ఒంటికి తగ్గట్టు అమర్చుకోవడానికి పుట్టిన సరంజామా ఇది. పేటెంట్ల అంతర్జాతీయ వర్గీకరణలో వీటికి ఒకే గూడు లేదు. ఎత్తు మారే బల్లలు ఏ47బీ 9లో ఉంటాయి. టైపురైటర్లు, కీబోర్డులు పెట్టుకునే బల్లలు ఏ47బీ 21లో, డ్రాయింగు బల్లలు ఏ47బీ 27లో, కుర్చీలు ఏ47సీలో, స్టాండ్లు ఎఫ్16ఎంలో చేరతాయి. ఈ చెల్లాచెదురుకు కారణం ఉంది. ఈ పరికరాల్లో చాలావరకు ఆఫీసు కోసం పుట్టినవి కావు. ఆస్పత్రి మంచం, కారు సస్పెన్షన్, గడియారం, బడిపిల్లల బెంచీ, యుద్ధనౌకలోని రాడార్ గది, ఇలా ఒక్కోటి ఒక్కో చోటు నుంచి వచ్చి బల్ల చుట్టూ చేరాయి.

బల్ల ఎత్తు మార్చడం రెండున్నర శతాబ్దాల కిందటే వడ్రంగులకు తెలుసు. తెలియనిది, ఎత్తు మార్చే పని మనిషి రోజుకు నాలుగుసార్లు విసుగు లేకుండా చేసేంత తేలిక ఎలా అవుతుందన్నది. ఈ రంగంలో నిలిచిన ఆవిష్కరణలన్నీ దాదాపుగా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

కంప్యూటర్‌కు ముందు

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని వృత్తిరోగాల మీద 1700లో ప్రచురించి, 1713లో పెంచి ముద్రించిన గ్రంథంలో రాయసగాళ్ల బాధలకు మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగని కూర్చోవడం, చేతిని ఒకే తీరున కదపడం, తప్పు రాకూడదన్న మనసు ఒత్తిడి. మూడు వందల ఏళ్ల తర్వాత ఏ కాల్ సెంటర్ ఆరోగ్య నివేదిక తీసినా ఈ మూడే కనిపిస్తాయి. రమజ్జిని కారణం చెప్పాడు గాని సామాను సూచించలేదు. ఆ పని తర్వాతి తరంలో జెనీవా వైద్యుడు తియొడోర్ ట్రోన్షాన్ పేరు మీద జరిగింది. వోల్టేర్‌కు వైద్యం చేసిన ఈయన, ఎప్పుడూ కూర్చుని ఉండే చదువరులకు నడక, వ్యాయామం మందుగా రాసేవాడు. నిలబడి చదవడానికి, రాయడానికి వీలుగా పైపలక ఎత్తు పెరిగే బల్లలు 18వ శతాబ్దపు పారిస్‌లో ఆయన పేరుతోనే చలామణీ అయ్యాయి. పలకను మోసే కడ్డీలకు పళ్లు ఉంటాయి. కావలసిన ఎత్తుకు లేపితే కొక్కెం పంటికి పట్టుకుని ఆగిపోతుంది. ఈ పళ్ల కడ్డీ ఇప్పటికీ చవకరకం బల్లల్లో బతికే ఉంది.

అమెరికాలో థామస్ జెఫర్సన్ తానే గీసి ఇచ్చిన నమూనా ప్రకారం ఫిలడెల్ఫియా వడ్రంగి బెంజమిన్ రాండాల్ఫ్ చేత చిన్న రాతపెట్టె చేయించుకున్నాడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన చిత్తుప్రతి రాసింది దాని మీదే. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాని విశేషం ఎత్తులో లేదు, వాలులో ఉంది. మడత విప్పి వంపు మార్చుకోవచ్చు. నిలబడి రాసిన ప్రముఖుల జాబితాలో విక్టర్ హ్యూగో, హెమింగ్వే, చర్చిల్ పేర్లు తరచూ వినిపిస్తాయి. హెమింగ్వే క్యూబాలో ఉండగా పుస్తకాల అల్మరా మీద టైపురైటర్ పెట్టి రాసేవాడు. స్టాండింగ్ డెస్క్ ప్రకటనల్లో వీళ్లను ఊరేగించడం రివాజే కాని, హెమింగ్వే అల్మరా ఎత్తు మారేది కాదు. అలవాటుకూ ఆవిష్కరణకూ తేడా అక్కడే ఉంది.

మన కరణాలకు బల్లతో పనిపడలేదు. ఎడమచేతిలో తాటాకు, కుడిచేతిలో ఘంటం, ఆకును బొటనవేలితో జరుపుకుంటూ రాసేవాళ్లు. రాసే తలమే చేతిలో ఉంటుంది గనక కంటికి ఎంత దూరం కావాలంటే అంత దూరంలో పెట్టుకునేవాళ్లు. కాగితం, సిరాబుడ్డి వచ్చాక చాప మీద కూర్చున్న గుమాస్తా ముందుకు వాలు పెట్టె వచ్చింది. కుర్చీ, ఎత్తు బల్ల దొరల కచేరీలతో వచ్చాయి.

ఎత్తును కొలిచి, లెక్కగట్టి అమర్చాలన్న ఆలోచన మొదట పెద్దల ఆఫీసుల్లో పుట్టలేదు, బళ్లలో పుట్టింది. జూరిక్ వైద్యుడు ఫార్నర్ 1860లలో పిల్లవాడికీ బడిబల్లకూ ఉండాల్సిన పొంతన మీద పుస్తకం రాశాడు. బ్రెస్లౌ నగరపు కంటి వైద్యుడు హెర్మన్ కోన్ 10,060 మంది బడిపిల్లల కళ్లు పరీక్షించి 1867లో ఫలితాలు ప్రచురించాడు. తరగతి పెరిగేకొద్దీ హ్రస్వదృష్టి పెరుగుతోందని, చీకటి గదులూ కొలత తప్పిన బల్లలూ అందుకు దోహదం చేస్తున్నాయని ఆయన వాదన. హ్రస్వదృష్టికి బల్లే కారణమన్న మాట తర్వాత నిలవలేదు. కాని ఆ అలజడి పుణ్యమా అని ఐరోపాలో మరలతో ఎత్తు సవరించే బడిబల్లలకు పేటెంట్ల వరద వచ్చింది. తప్పు నిర్ధారణ నుంచి మంచి సామాను పుట్టడం ఈ రంగంలో ఇది మొదటిసారీ కాదు, చివరిసారీ కాదు.

టైపురైటర్ ఈ కథను ఆఫీసులోకి తెచ్చింది. షోల్స్, గ్లిడెన్ యంత్రాన్ని రెమింగ్టన్ కంపెనీ 1874లో అమ్మకానికి పెట్టింది. ఆ కంపెనీ కుట్టుమిషన్లు కూడా చేసేది కాబట్టి తొలి టైపురైటర్లు కుట్టుమిషన్ స్టాండు మీదే వచ్చాయి. క్యారేజీని వెనక్కి లాగడానికి కాలితో తొక్కే పెడల్ కూడా ఉండేది. యంత్రం సొంత ఎత్తు వల్ల మీటలు చేతికి మరీ పైన పడతాయి. అందుకే టైపు బల్లను మామూలు రాతబల్ల కంటే మూడు నాలుగు అంగుళాలు దించారు. రాతబల్ల సుమారు 29, 30 అంగుళాలైతే టైపు బల్ల 26, 27 అంగుళాలు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలకు సాధన చేసినవారికి ఆ పొట్టి బల్లలు గుర్తుంటాయి. కంప్యూటర్ వచ్చినప్పుడు చాలా ఆఫీసులు టైపు బల్లను పక్కన పడేసి, కీబోర్డును తెచ్చి ఎత్తయిన రాతబల్ల మీద పెట్టాయి. వందేళ్ల అనుభవం ఒక్కసారిగా మరుగున పడింది. ఆ తర్వాత కనిపెట్టిన కీబోర్డు అర ఆ మూడు నాలుగు అంగుళాలను తిరిగి తెచ్చుకునే ప్రయత్నమే.

కూర్చుని, నిలబడి, మార్చి మార్చి పనిచేయాలన్న మాటను పరిశ్రమలో గట్టిగా చెప్పినవాళ్లు అమెరికా దంపతులు ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్. అలసట మీద 1916లో వారు తెచ్చిన పుస్తకంలో పనిబల్లల ఎత్తు, కుర్చీల అమరిక ముఖ్య విషయాలు. వారి దృష్టి కార్మికుడి సుఖం మీద ఎంత ఉందో, ఉత్పత్తి మీద అంతకు తగ్గకుండా ఉంది. ఆ రెండింటినీ ఒకే గాట కట్టడం అప్పటి నుంచి ఈ వ్యాపారానికి అలవాటైంది.

తెర ముందుకు

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ తన బృందం తయారుచేసిన వ్యవస్థను వెయ్యి మంది ముందు ప్రదర్శించాడు. మౌసు, తెర మీద మాటలను అక్కడికక్కడే సవరించడం, దూరంగా ఉన్నవారితో కలిసి పనిచేయడం, అన్నీ ఆ ఒక్క గంటన్నరలో లోకం చూసింది. ఆయన కూర్చున్న కుర్చీ సంగతి తక్కువమందికి తెలుసు. హెర్మన్ మిల్లర్ ఫర్నిచర్ కంపెనీ డిజైనర్ జాక్ కెల్లీ ఈమ్స్ కుర్చీకి పళ్లెం లాంటి పలక బిగించి, దాని మీద నడుమ కీబోర్డు, ఒక పక్క మౌసు, మరోపక్క ఐదు మీటల చిన్న పరికరం పట్టేలా అమర్చాడు. కుర్చీ ఎటు తిరిగితే పలక అటే తిరుగుతుంది. కంప్యూటర్ కోసమే చేసిన తొలి పనిచోటు సామానులో దీన్ని లెక్కించాలి. అందులో బల్లే లేదన్నది గమనించదగ్గ సంగతి.

అదే కంపెనీ తరఫున రాబర్ట్ ప్రాప్స్ట్ ఆలోచనతో, జార్జ్ నెల్సన్ రూపకల్పనతో 1964లో యాక్షన్ ఆఫీస్ అనే ఆఫీసు సామాను వరస వచ్చింది. అందులో నిలబడి పనిచేసే ఎత్తు బల్ల ఉంది. ఆఫీసు పని చేసేవాడు రోజంతా ఒకచోట కూలబడకూడదన్నది ప్రాప్స్ట్ వాదం. ఖరీదు ఎక్కువై అది అమ్ముడుపోలేదు. 1968లో చవకగా తెచ్చిన రెండో రూపం బ్రహ్మాండంగా అమ్ముడై, కంపెనీల చేతిలో పడి, ఇరుకు గళ్ల క్యూబికల్‌గా మారింది. మనిషిని కదిలించడానికి పుట్టిన ఆలోచన అతన్ని మూడు గోడల మధ్య కూర్చోబెట్టడంతో ముగిసింది.

1970లలో బ్యాంకులు, పత్రికలు, విమాన కంపెనీల్లోకి తెర టెర్మినల్స్ దిగాయి. చాలావాటిలో కీబోర్డు, తెర ఒకే డబ్బా. తెర కంటికి సరిపోతే కీబోర్డు చేతికి దూరం, కీబోర్డు చేతికి సరిపోతే తెర మరీ కింద. మెడ వంగాలి లేదా భుజాలు లేవాలి, మూడో దారి లేదు. జర్మనీ ప్రమాణాలు ఇక్కడ పెద్ద మలుపు తెచ్చాయి. కీబోర్డు విడిగా ఉండాలని, నడిమి వరుస మీటలు బల్ల నుంచి 30 మిల్లీమీటర్లు దాటకూడదని అక్కడి నిబంధనలు పట్టుబట్టాయి. జర్మన్ మార్కెట్ వదులుకోలేని ఐబీఎం, డెక్ వంటి సంస్థలు 1980ల మొదట్లో పలుచని, విడి కీబోర్డులకు మారాయి. ఇవాళ మనం ఏ షాపులో కొన్నా కీబోర్డు పలుచగా, తీగతోనో తీగ లేకుండానో విడిగా ఉండటం వెనుక ఆ నియమం ఉంది.

దీనికి ఎదురుగా ఒక చిక్కు బయటపడింది. నిబంధనల పుస్తకాల్లో బొమ్మ ఎప్పుడూ ఒకటే: వెన్ను నిటారు, మోకాళ్లు, మోచేతులు, నడుము అన్నీ లంబకోణం. జూరిక్‌లో ఎతియెన్ గ్రాన్‌జాన్ బృందం నిజంగా పనిచేస్తున్న ఉద్యోగులకు సవరించుకునే బల్లలిచ్చి చూసింది. 1983లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం, మనుషులు ఆ బొమ్మలా కూర్చోలేదు. వెనక్కి వాలారు, కాళ్లు చాపారు, కీబోర్డును పుస్తకం చెప్పినదానికంటే ఎత్తులో పెట్టుకున్నారు. స్వేచ్ఛ ఇస్తే ఒక్కొక్కరు ఒక్కో కొలతకు వెళ్లారు. బొమ్మ అందరికీ సరైన ఒకే భంగిమ ఉందన్న నమ్మకం మీద గీసింది, ఆ నమ్మకానికి ఆధారం పలుచన. అయినా ఆ లంబకోణపు బొమ్మ ఇప్పటికీ ఆఫీసు గోడల మీద అతికి ఉంటుంది.

అదే దశకంలో ఆస్ట్రేలియాలో డేటా ఎంట్రీ ఉద్యోగుల్లో చేతి, మణికట్టు నొప్పుల ఫిర్యాదులు ఒక్కసారిగా పెరిగి, వైద్యులకూ యూనియన్లకూ మధ్య పెద్ద వివాదమైంది. చట్టాలు కదిలాయి. 1990లో ఐరోపా ఆర్థిక సమాజం తెర ముందు పని మీద 90/270 ఆదేశం తెచ్చింది. సవరించుకునే కుర్చీ, విడి కీబోర్డు, వంచుకోగల తెర, మధ్యమధ్య విరామం యజమాని బాధ్యతలయ్యాయి. బ్రిటన్ 1992లో దాన్ని తన నియమాలుగా మార్చుకుంది. అమెరికాలో ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థ 2000 నవంబర్‌లో తెచ్చిన ఎర్గోనామిక్స్ నియమాన్ని కొత్త కాంగ్రెస్ 2001 మార్చిలోనే కొట్టేసింది. కార్మిక చట్టం గట్టిగా ఉన్న డెన్మార్క్, స్వీడన్, జర్మనీల్లోనే ఎత్తు మారే బల్లల పరిశ్రమ ముందు వేళ్లూనుకోవడం కాకతాళీయం కాదు.

బల్ల లేచే తీరు

బల్ల మీద రెండు మానిటర్లు, ఒక కంప్యూటర్, పుస్తకాలు కలిపి పాతిక ముప్పై కిలోలు సులువుగా చేరతాయి, పలక బరువు అదనం. దాన్ని అరమీటరు పైకెత్తి, ఎక్కడ ఆపితే అక్కడ ఊగకుండా నిలపాలి. రెండు కాళ్లూ సరిసమానంగా లేవాలి, ఒకటి ముందుపడితే చట్రం బిగుసుకుపోతుంది. ఇందుకు మూడు దారులు నిలిచాయి.

మొదటిది చేతిమర. హ్యాండిల్ తిప్పితే పళ్లచక్రం మీదుగా కాలి లోపలి పొడవాటి మర తిరిగి, దాని మీది నట్టు పైకి పాకుతుంది. రెండు కాళ్లనూ ఒకే ఇరుసు కలుపుతుంది కాబట్టి సమానంగా లేస్తాయి. కరెంటు అక్కర్లేదు, చెడిపోయే భాగాలు తక్కువ, ధర తక్కువ. కాని పూర్తి ఎత్తుకు చేర్చాలంటే హ్యాండిల్ పదులసార్లు తిప్పాలి. కొన్న మొదటి వారం అందరూ తిప్పుతారు. చాలా ఆఫీసుల్లో ఆ తర్వాత ఆ బల్ల మామూలు బల్లే.

రెండోది ప్రతిభారం: బల్ల బరువును స్ప్రింగో గ్యాస్ గొట్టమో మోస్తుంది, మనిషి మీట నొక్కి వేలితో నెడితే చాలు. చూడ్డానికి మామూలుగా ఉన్నా తెలివైన ఇంజనీరింగ్ అంతా ఇందులో ఉంది. స్ప్రింగ్ సాగినకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది, బల్ల బరువు మాత్రం మారదు. నేరుగా కడితే కింద ఉన్నప్పుడు బల్ల ఎగిరిపడుతుంది, పైకి వెళ్లాక కుంగిపోతుంది. పరిష్కారం తాడు చుట్టిన నత్తగుల్ల ఆకారపు చక్రం. దాని వ్యాసార్ధం క్రమంగా మారుతుంది కాబట్టి స్ప్రింగ్ బలం మారినా తాడు మీద పడే లాగుడు సమంగా ఉంటుంది. ఐరోపా గడియారాల వాళ్లు ముఖ్య స్ప్రింగ్ బలహీనపడేకొద్దీ గడియారం నెమ్మదించకుండా ఇదే ఉపాయాన్ని 15, 16వ శతాబ్దాల్లోనే శంఖాకారపు కప్పీ రూపంలో వాడారు. ఈ తరహా బల్లలకు మిగిలిన లోపం ఒకటే. మానిటర్ ఒకటి తీసేసినా, ఇంకొకటి చేర్చినా తూకం చెడుతుంది, స్ప్రింగ్ బిగువును మళ్లీ సరిచూడాలి.

మూడోది, ఇప్పుడు బజారును ఏలుతున్నది, విద్యుత్ కాలు. ఒకదానిలో ఒకటి దూరే ఉక్కు గొట్టాలు, లోపల మర, అడుగున లేదా పైన చిన్న డీసీ మోటారు. మోటారు వేగాన్ని తగ్గించి బలం పెంచడానికి వర్మ్ గేర్ ఉంటుంది. ఈ లీనియర్ యాక్చుయేటర్ ఆఫీసు కోసం పుట్టలేదు. ఆస్పత్రి మంచాల్లో తలవైపు లేపడానికి, చక్రాల కుర్చీల్లో, వ్యవసాయ యంత్రాల్లో అది ముందే ఉంది. డెన్మార్క్ సంస్థ లినాక్ వంటివి ఆ అనుభవాన్ని బల్లలోకి తెచ్చాయి. వర్మ్ గేరు, సన్నని మరల వల్ల బరువు మోటారును వెనక్కి తిప్పలేదు. అందుకే మధ్యలో కరెంటు పోయినా బల్ల దిగజారదు, ఉన్నచోటే ఆగుతుంది. కోతలు అలవాటైన మన ఊళ్లలో ఈ గుణం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

రెండు మోటార్లను కలిపి నడపడం నియంత్రణ పెట్టె పని. ప్రతి మోటారులోనూ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్లు తిరుగుళ్లు లెక్కబెడతాయి. ఒక కాలు ముందుపడితే పెట్టె దాన్ని నెమ్మదింపజేస్తుంది. లెక్క తప్పినప్పుడు కిందికి బటన్ నొక్కి పట్టుకుంటే బల్ల అడుగంటా దిగి, అక్కడి నుంచి మళ్లీ సున్నా లెక్క మొదలుపెడుతుంది. బల్ల కింద కుర్చీ చేయో, మరో సామానో అడ్డం వస్తే మోటారు లాక్కునే కరెంటు పెరగడాన్నో, పలక ఒరగడాన్నో గుర్తించి ఆగి, కాస్త వెనక్కి వెళుతుంది. సాధారణ వేగం సెకనుకు రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్లు. అంటే కూర్చునే ఎత్తు నుంచి నిలబడే ఎత్తుకు ఇరవై సెకన్ల లోపు. ఎత్తులను గుర్తుపెట్టుకునే బటన్లు చిన్న సంగతిలా కనిపిస్తాయి గాని, నా అంచనాలో మోటారు కన్నా వాటి ప్రభావమే ఎక్కువ. వెతుక్కోకుండా ఒక్క నొక్కుతో తన ఎత్తు దొరికినప్పుడే మనిషి లేస్తాడు.

మొండిగా మిగిలిన సమస్య ఊగడం. గొట్టాలు ఎంత బయటకు సాగితే, లోపల ఒకదాన్నొకటి పట్టుకునే పొడవు అంత తగ్గుతుంది. టైపు చేస్తుంటే తెర వణుకుతుంది. కాళ్ల మధ్య అడ్డకమ్మి పెడితే పక్కలకు ఊగడం తగ్గుతుంది, కాని మోకాళ్లకు తగులుతుంది.

బల్ల మార్చకుండా, ఉన్న బల్ల మీదే పెట్టుకుని లేపుకునే మేజా పీటలు ఇంకో శాఖ. టెక్సస్‌కు చెందిన వేరిడెస్క్ 2013 నుంచి వీటిని అమెరికా అంతటా ప్రచారంలోకి తెచ్చింది. ఆ సంస్థను పెట్టినవాళ్లు అంతకుముందు గోడకు తగిలిస్తే పాట పాడే బొమ్మ చేపను అమ్మిన కంపెనీ వాళ్లు. 2014లో ఐకియా బెకాంట్ పేరుతో విద్యుత్ బల్లను తేవడంతో ఇది కార్పొరేట్ ఆఫీసు దాటి ఇంటి సామాను అయింది.

కుర్చీ

కుర్చీ చరిత్ర బల్లకంటే పెద్దది, ఇక్కడ అవసరమైనంతే చెప్పుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో థామస్ వారెన్ 1849లో చేసిన స్ప్రింగ్ కుర్చీ తిరిగేది, వాలేది, చక్రాల మీద జరిగేది. 1851 లండన్ మహాప్రదర్శనలో దాన్ని పెట్టారు. మరీ సుఖంగా ఉందన్న అనుమానం వల్ల అప్పటి ఇంగ్లీషు వాళ్లకు అది రుచించలేదని చెబుతారు. ఎత్తు మార్చడానికి చాలాకాలం పీఠాన్ని చుట్టూ తిప్పాల్సి వచ్చేది. గ్యాస్ స్ప్రింగ్ వచ్చి ఆ శ్రమ తీర్చింది: మూసిన గొట్టంలో గట్టిగా కుక్కిన నైట్రోజన్, మీట లాగితే తెరుచుకునే వాల్వు, కూర్చున్నవాడి బరువే దించే శక్తి. 1976లో బిల్ స్టంఫ్ చేసిన ఎర్గాన్, 1994లో ఆయనే డాన్ చాడ్విక్‌తో కలిసి చేసిన ఏరాన్ ఆఫీసు కుర్చీ రూపాన్నే మార్చాయి. ఏరాన్‌లో స్పాంజి లేదు, అల్లిక జాలీ ఉంది. అన్నిటినీ మించి మూడు సైజుల్లో వచ్చింది. ఎంత సవరించినా ఒకే కుర్చీ అందరికీ పట్టదని ఒప్పుకోవడం అది.

డెన్మార్క్ శస్త్రవైద్యుడు ఆగె మాండల్ పీఠం ముందుకు వాలాలని, అప్పుడే నడుము సహజమైన వంపు నిలుస్తుందని వాదించాడు. ఆ దారిలోనే 1979లో నార్వేలో మోకాళ్ల మీద ఆనుకుని కూర్చునే బాలన్స్ కుర్చీలు వచ్చాయి. కొన్నాళ్లు మోజుగా అమ్ముడైనా మోకాలి చిప్పల మీద భారం వల్ల రోజంతా వాటిలో ఉండటం కష్టమే అయింది.

చేతి కింద, కంటి ముందు

కీబోర్డు మీద రెండు చేతులూ దగ్గరగా పెట్టాలంటే మణికట్లు బయటికి వంగాలి. దీన్ని విడదీయాలని జర్మనీలో క్లాకెన్‌బర్గ్ 1926లోనే రాశాడు. 1972లో కార్ల్ క్రోమర్ ప్రయోగాలతో ఆ మాటకు బలం చేకూర్చాడు. బ్రిటన్‌లో లిలియన్ మాల్ట్, స్టీఫెన్ హాబ్డే వేళ్ల పొడవును బట్టి మీటలను గుంటలుగా అమర్చిన మాల్ట్రాన్ కీబోర్డు చేశారు. 1993లో ఆపిల్ మధ్యలో విచ్చుకునే కీబోర్డును, 1994లో మైక్రోసాఫ్ట్ వంపు తిరిగిన నేచురల్ కీబోర్డును తెచ్చాయి. రెండోది లక్షల్లో అమ్ముడుపోయింది, మొదటిది మరుగైంది. సవరించుకునే స్వేచ్ఛ ఇచ్చినదాని కంటే ముందే వంచి పెట్టినది గెలవడం ఆలోచించాల్సిన సంగతే. తెలుగు టైపు చేసేవారికి ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి పడతాయి. చేతులు వంతులవారీగా పనిచేయడం మంచిదే, కాని ఒత్తు అక్షరాలకు షిఫ్ట్ నొక్కే చిటికెనవేలికి ఆ సుఖం లేదు.

మౌసు తొలి నమూనాను బిల్ ఇంగ్లిష్ 1964లో కట్టాడు, ఎంగెల్‌బార్ట్‌కు పేటెంటు 1970లో వచ్చింది. దానికంటే ట్రాక్‌బాల్ పాతది. కెనడా నౌకాదళం కోసం 1952లో చేసిన డాటార్ రాడార్ వ్యవస్థలో బౌలింగ్ ఆట బంతినే వాడారు. చేయి జరపకుండా వేళ్లతో బంతిని దొర్లించడం వల్ల భుజం నొప్పి ఉన్నవారు నేటికీ దాన్నే కోరుకుంటారు. జాక్ లో రూపొందించిన ఎవొలుయెంట్ నిలువు మౌసు 2002లో వచ్చింది. కరచాలనం చేసే తీరులో చేయి నిలువుగా ఉంటుంది, ముంజేతి ఎముకలు మెలితిరగవు.

తెరను పట్టే చేయికి తాత ఒక దీపం. బాత్ నగరంలో కారు సస్పెన్షన్ల మీద పనిచేసిన జార్జ్ కార్వర్డీన్ 1932లో స్ప్రింగులతో తూకం నిలిపే చేయికి పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగులు అమ్మే టెర్రీ సంస్థ దాన్ని యాంగిల్‌పాయిజ్ దీపంగా తయారుచేసింది. చేయి ఏ కోణంలో ఉన్నా స్ప్రింగ్ లాగుడు, దీపం బరువు సరిగ్గా సరిపోతాయి. వేలితో కదిపితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. సూత్రం అదే, దీపం స్థానంలో ఎనిమిది కిలోల మానిటర్ వచ్చింది. 2002 నాటి ఆపిల్ ఐమాక్ ఆ చేతినే అందరి కళ్లముందుకు తెచ్చింది. ఏ కంపెనీ తెర అయినా ఏ కంపెనీ చేతికైనా బిగుస్తుందంటే కారణం వెసా కొలత. తెర వెనుక నాలుగు రంధ్రాలు, 75 లేదా 100 మిల్లీమీటర్ల చదరం, నాలుగు ఎం4 మరలు. ఈ కొలత కుదరకపోతే మానిటర్ స్టాండ్ల బజారే ఉండేది కాదు.

ఇంత కష్టపడి 1980లలో విడదీసిన కీబోర్డు, తెరలను ల్యాప్‌టాప్ మళ్లీ ఒకటిగా కుట్టేసింది. జర్మన్ నియమం దేన్ని నిషేధించిందో సరిగ్గా అదే ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే కంప్యూటర్. తెరను కంటి ఎత్తుకు లేపే ల్యాప్‌టాప్ స్టాండు, దానికి తోడు విడి కీబోర్డు, ఆ నష్టాన్ని పూడ్చే సామానే. ధరకు ఫలితం లెక్క వేస్తే మొత్తం ఈ జాబితాలో దానికి సాటి లేదని గట్టిగా చెప్పవచ్చు.

నిలబడితే ఏమొస్తుంది

కూర్చోవడం మీద అనుమానానికి బలమైన మొదటి ఆధారం లండన్ బస్సుల నుంచి వచ్చింది. జెర్రీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశోధనలో, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువ. కండక్టర్లు నిలబడ్డారని కాదు, నడిచారని దాని సారాంశం. అమ్మకందారులు ఆ తేడాను తెలివిగా దాటవేశారు. నిలబడితే బరువు తగ్గుతారన్న మాట తేలిపోయింది. 2018 నాటి ఒక సమీక్ష ప్రకారం నిలబడ్డప్పుడు నిమిషానికి అదనంగా ఖర్చయ్యేది 0.15 కిలోకేలరీ. ఆరు గంటలు నిలబడితే ఒక ఇడ్లీ అరిగినంత. కదలిక లేకుండా గంటలకొద్దీ నిలబడితే కాళ్లలో నరాలు ఉబ్బుతాయని దుకాణాల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి ఎప్పటినుంచో తెలుసు.

ఈ బల్లలు కూర్చునే సమయాన్ని తగ్గిస్తాయన్నది మాత్రం కొంత నిలిచిన మాట. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2018 సమీక్ష సగటున రోజుకు దాదాపు 100 నిమిషాలు తగ్గుతుందని లెక్కగట్టి, ఆధారాల నాణ్యత తక్కువని కూడా చెప్పింది. అదే ఏడాది లెస్టర్‌లో బ్రిటన్ ఆరోగ్య సేవ ఉద్యోగుల మీద జరిగిన ప్రయోగంలో, ఏడాది తర్వాత కూడా పనిరోజుకు 80 నిమిషాలకు పైగా తగ్గుదల కనిపించింది. అక్కడ బల్ల ఒక్కటే ఇవ్వలేదు, శిక్షణ, గుర్తుచేసే సాధనాలు, సలహాలు కలిపి ఇచ్చారు. మేయో క్లినిక్ వైద్యుడు జేమ్స్ లెవీన్ ఇంకో అడుగు ముందుకేసి బల్ల కింద ట్రెడ్‌మిల్ పెట్టించాడు. స్టీల్‌కేస్ సంస్థ 2007లో దాన్ని వాక్‌స్టేషన్‌గా అమ్మింది. నడుస్తూ చదవడం, ఫోన్ మాట్లాడటం కుదురుతుంది. మౌసుతో సూక్ష్మమైన పని కుదరదు.

భారతదేశంలో

గోద్రెజ్ 1955లో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టింది. భారతీయ ఆఫీసు బల్ల ఎత్తు మాత్రం విదేశీ కొలతలనే అనుసరించింది. మన శరీరాల కొలతలు విడిగా కావాలన్న అవసరాన్ని తీర్చిన ముఖ్య గ్రంథం అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన దేబ్‌కుమార్ చక్రబర్తి 1997లో ప్రచురించిన భారతీయ శరీర కొలతల సంకలనం. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరుచుకుంది. తెలుగువాళ్లు వేల సంఖ్యలో తెర ముందు కూర్చునే ఉద్యోగాల్లో చేరింది ఆ తర్వాతే. 2020 లాక్‌డౌన్‌లో ఆ ఉద్యోగం డైనింగ్ టేబుల్ మీదికీ మంచం మీదికీ వచ్చింది. ఎత్తు మారే బల్లల అమ్మకాలు మన నగరాల్లో ఊపందుకున్నది అప్పుడే.

కొనేవారు సాధారణంగా గరిష్ఠ ఎత్తు చూస్తారు. మనకు అసలు చూడాల్సింది కనిష్ఠం. అయిదడుగుల స్త్రీ పాదాలు నేలకు ఆనేలా కూర్చుంటే మోచేయి నేల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలు ఆఫీసు బల్ల 75. రెండు గొట్టాల కాళ్లున్న విద్యుత్ బల్లలు చాలావరకు 70 దగ్గరే ఆగిపోతాయి. మూడు గొట్టాలవి 60 దాకా దిగుతాయి, ధర ఎక్కువ. పలక మందం రెండున్నర సెంటీమీటర్లను కూడా ఈ లెక్కలో కలపాలి, ప్రకటనల్లో ఇచ్చే అంకె తరచూ చట్రానిదే. అంత దిగని బల్ల కొన్నాక మిగిలిన దారి కుర్చీని పైకి లేపి, వేలాడే పాదాల కింద పీట వేసుకోవడం. పది సెంటీమీటర్ల చెక్కపీట అయినా సరిపోతుంది.